కాలు చూసి వాయించేవాళ్లు

హోటలు గుమ్మం పక్కన బోర్డు మీద ఇంకా తొమ్మిది మందీ ఉన్నారు. వెనక డ్రమ్ముల దగ్గర క్వేసి, అతనికి అటూ ఇటూ బేసు, గిటారు, కీబోర్డు, ముందు వరసలో ఊదేవాళ్లు ముగ్గురు, పాడే ఆడవాళ్లు ఇద్దరు. అందరూ నల్లకోట్లు తొడుక్కుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఊదేవాళ్లలో ఎడమ చివర పొట్టిగా ఉన్నవాడు ప్రేమరాజు. కింద పెద్ద అక్షరాలతో 'లైవ్ సోల్ బ్యాండ్, ప్రతి శనివారం బ్రంచ్' అని ఉంది, బ్రంచ్ అంటే సెలవు రోజు పొద్దెక్కి మొదలయ్యే విందు. ఆ రాతలో శనివారం అన్న మాట మాత్రం కొత్తది. దుబాయ్‌లో సెలవు రోజులు మారినప్పుడు శుక్రవారం మీద స్టిక్కరు అంటించారు. ఆ చేత్తోనే ఫొటోలో వెళ్లిపోయినవాళ్ల మొహాల మీద కూడా స్టిక్కర్లు అంటిస్తే సరిపోయేది. ఆ బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లకు వేదిక మీద కనిపించేది ముగ్గురు. ఫోలా అనే నైజీరియా గాయని, ట్రంపెట్టు పట్టుకున్న ప్రేమరాజు, ఒక లాప్‌టాప్. లాప్‌టాప్‌ను మనిషి కింద లెక్కెయ్యడం ప్రేమరాజుకు ఇష్టం లేదు గాని, మేనేజరు లెక్కలో అసలు బ్యాండు అదే. మిగతా ఇద్దరూ పెళ్లికూతురి వెంట వచ్చిన తోడుపెళ్లికూతుళ్లు. డ్రమ్ములు, బేసు, గిటారు అన్నీ దాంట్లోంచే వస్తాయి. వాళ్లు దాన్ని ట్రాకు అంటారు. ఆ ట్రాకులో ట్రంపెట్టు కూడా ముందే ఉంది, ప్రేమరాజు దాని మీదే మళ్లీ ఊదాలి. అతను ఊదినా ఊదకపోయినా వినేవాడికి తేడా తెలియదు. చెవిలో ఒక బుడిపె పెట్టుకోవాలి, అందులో టిక్కు టిక్కుమని తాళం కొడుతూ ఉంటుంది. దానికి పేరు క్లిక్కు. పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఆ టిక్కు ఎటు పోతే అటు పోవాలి. మరి తననెందుకు ఉంచారయ్యా అని ప్రేమరాజు ఒకసారి అడిగితే, ఇత్తడి మెరుస్తుంది, గెస్టులు ఫొటోలు దిగుతారు అని మేనేజరు దాచుకోకుండా చెప్పాడు.

బ్యాండు ఒక్కసారిగా పోలేదు. ఒక్కసారిగా పోతే ఏడ్చి ఊరుకునేవాళ్లు. కరోనా వచ్చి హోటలు మూసినప్పుడు కొందరు వాళ్ల దేశాలకు వెళ్లిపోయారు. తెరిచాక మేనేజరు అందరినీ పిలవలేదు. వేదిక మీద దూరం దూరంగా నిలబడాలి కదా, అయిదుగురు చాలన్నాడు. దూరం పాటించే రోజులు పోయాయి, అయిదుగురు మాత్రం తొమ్మిది కాలేదు. తర్వాత బేసు కుర్రాడి కాంట్రాక్టు అయిపోతే ఆ చప్పుడు లాప్‌టాప్‌లో పెట్టారు. గెస్టులెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ మాట మేనేజరు పట్టుకున్నాడు. గిటారు పోయినా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చివరికి డ్రమ్ముల మీద పడ్డాడు. డ్రమ్ములు చోటు ఎక్కువ తీసుకుంటున్నాయి, ఆ జాగాలో ఇంకో రెండు బల్లలు పడతాయన్నాడు. అలా క్వేసి కూడా పోయాడు. బ్యాండు పెట్టినవాడే అతను.

క్వేసిది ఘనా దేశంలో కుమాసి. అరవై దాటిన మనిషి. ప్రేమరాజు అతన్ని ఉస్తాద్ అంటాడు, అతను ఇతన్ని రాజు అంటాడు. ఇద్దరి మధ్యా నడిచేది ముక్కల ఇంగ్లీషే అయినా, కథలు చెప్పుకోవడానికి ఏనాడూ లోటు రాలేదు. క్వేసి కుర్రతనంలో వాళ్ల ఊళ్లో కర్ఫ్యూ పెడితే రాత్రిపూట వాయించే బ్యాండ్లన్నీ మూతపడ్డాయట. కర్ఫ్యూ ఎత్తేసేసరికి డ్రమ్ములు కొట్టే మిషను దిగింది. అమెరికాలో నల్లవాళ్ల సోల్ పాటలదీ అదే దారి అని చెప్పేవాడు. ఒకప్పుడు పదీ పన్నెండు మంది ఉండే బ్యాండ్లు, ముందు వరసంతా ఊదేవాళ్లు. ఊదేవాళ్ల పని కీబోర్డు లాక్కుంది, డ్రమ్మరు పని మిషను లాక్కుంది. ఆ తర్వాత పాత రికార్డుల్లోంచి ఊదిన ముక్కలే కోసుకుని తిప్పి తిప్పి వాడుకున్నారు.

"మమ్మల్ని పంపించేసి మా చప్పుడు ఉంచుకున్నారు రాజూ," అనేవాడు క్వేసి.

ప్రేమరాజుకు ఇదేం కొత్త కాదు. పాలకొల్లు దగ్గర వాళ్ల పేటంతా బ్యాండు మేళం వాళ్లే. పెళ్లి ఊరేగింపులో అతను చిన్నప్పటి నుంచి ట్రంపెట్టు ఊదాడు. లారీ నిండా స్పీకర్లు పేర్చుకుని డీజే బండి రావడంతో మేళాలు మూలపడ్డాయి. బతకడానికి దుబాయ్ వచ్చి ఈ హోటల్లో విందుల దగ్గర వెయిటరుగా చేరాడు. ఒకరోజు వంటింటి వెనక తనలో తాను ఊదుకుంటుంటే క్వేసి విని, మేనేజరుతో గొడవపడి బ్యాండులోకి లాక్కున్నాడు. వీసా మీద మాత్రం ఈ రోజుకీ వెయిటరనే ఉంది. డీజే బండిని తప్పించుకుని సముద్రం దాటి వచ్చినవాడికి ఇక్కడ లాప్‌టాప్ ఎదురైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది మొదటి బ్రంచ్‌లోనే. ఒక లావుపాటి ఆయన కుర్చీలోంచి లేచి ఆడటం మొదలుపెట్టాడు. అప్పటికి ఊదేవాళ్ల ముక్క అయిపోవచ్చింది, పాట తర్వాతి చరణంలోకి వెళ్లాలి. ప్రేమరాజు వెళ్లలేదు. మేళంలో వాళ్ల మాస్టారు నేర్పింది ఒకటే: ఆడేవాడి కాలు చూసి వాయించు, వాడు కూర్చునేదాకా ముక్క దాటకు. చేతికి వచ్చిన అలవాటు అది, ఆలోచించే పని లేదు. ఊదిన ముక్కే మళ్లీ ఎత్తుకున్నాడు. ఎత్తుకుంటూ బిక్కచచ్చి వెనక్కి తిరిగితే, క్వేసి డ్రమ్ములు కూడా అప్పటికే ఆ ముక్క మొదటికి వెళ్లి ఉన్నాయి. అతని కళ్లూ ఆ లావుపాటి ఆయన కాళ్ల మీదే ఉన్నాయి. బ్యాండు మొత్తం వాళ్లిద్దరి వెనక వచ్చింది. ఎవరు నేర్పారని తర్వాత అడిగాడు క్వేసి. మా ఊరి పెళ్లిళ్లు అన్నాడు ప్రేమరాజు. క్వేసి పడీ పడీ నవ్వాడు. వాళ్ల ఊళ్లో చావులకూ అంతేనట. పోయినవాడి మేనత్త ఆడి అలిసిపోయేదాకా బ్యాండు కదలకూడదు. అప్పట్నుంచీ ఆ ముక్క వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, వెళ్దామా ఉందామా అని కళ్లతోనే అనుకోవడం మామూలైపోయింది.

అలాంటి క్వేసి ఇప్పుడు అల్ వర్సాన్‌లో తెలిసినవాళ్ల గోదాములో పార్సిళ్లు సర్దుతున్నాడు. హోటలు వీసా రద్దయింది. విజిట్ వీసా మీద రోజులు లాగుతున్నాడు, ఆ గడువు కూడా దగ్గర పడింది. ప్రేమరాజుకు అన్నం సహించలేదు. తనను వంటింటి వెనక నుంచి వేదిక ఎక్కించినవాడు దిగిపోయాడు, తాను మాత్రం మెరిసే ఇత్తడి పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు కనబడినప్పుడల్లా డ్రమ్ముల సంగతి ఎత్తేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. ఫోన్ చూసుకుంటూ దేఖేంగే, దేఖేంగే అని, చూద్దాంలే అన్నట్టు సాగదీసేవాడు ఆ పెద్దమనిషి.

అలాంటప్పుడు ఆ పెద్ద బుకింగు వచ్చింది. అబూధాబీలో టీచరుగా పనిచేసే ఒక నల్లజాతి అమెరికా ఆవిడ తన తల్లి పుట్టినరోజు ఇక్కడ చేస్తానంది. తల్లి అమెరికా నుంచి వస్తోంది. బోర్డు ఫొటో చూసి, లైవ్ బ్యాండు ఉందనే ఈ హోటలు ఎంచుకున్నామని మెయిలులో రాసింది. మేనేజరుకు చెమటలు పట్టాయి. ప్రేమరాజుకు సందు దొరికింది. బోర్డు మీద తొమ్మిది మంది ఉండగా ఇద్దరే కనిపిస్తే బాగోదు సార్, ఉస్తాద్‌ను పిలవండి, చిన్న ఎలక్ట్రానిక్ ప్యాడ్లు చాలు, రెండు బల్లల జాగా కూడా పోదు అని నచ్చజెప్పాడు. మేనేజరు చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. ఆ రోజు పరీక్ష అన్నాడు. ఇద్దరూ ట్రాకు తప్పకుండా వాయిస్తే క్వేసికి కాంట్రాక్టూ వీసా రెండూ ఇస్తాడు, ఒక్క చోట తేడా వచ్చినా లేదు. ఆ మాట మీద మేనేజరూ ప్రేమరాజూ చేతులు కలిపారు.

అభ్యాసానికి వచ్చిన క్వేసి ఆ ప్యాడ్లను పరాయి ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాడిలా చూశాడు. పళ్లేలంత రబ్బరు ముక్కలు, కొడితే చప్పుడు వాటిలోంచి కాక గోడకున్న స్పీకర్లోంచి వస్తుంది. చెవిలో క్లిక్కు పెట్టుకుని కాసేపు కొట్టి ఆపేశాడు. ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు, తీద్దామంటే తలుపు ఎక్కడుందో తెలియదు అన్నాడు. గుడ్డి కన్నా మెల్ల నయం, గోదాము కన్నా ఇది నయం కదా ఉస్తాద్ అని ప్రేమరాజు సర్ది చెప్పాడు. క్వేసి తల ఊపి మళ్లీ మొదలుపెట్టాడు. సాయంత్రానికి క్లిక్కుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కొడుతున్నాడు. వెళ్లేముందు మాత్రం ప్రేమరాజు భుజం పట్టుకుని గట్టిగా చెప్పాడు.

"ఆ రోజు ఎవరి కాలూ చూడకు రాజూ. నేనూ చూడను. నీ చెవిలో ఏముందో అదే ఊదు. నాకు మాటివ్వు."

ప్రేమరాజు మాటిచ్చాడు. ఇంటికి వెళ్లి భార్య మరియకుమారికి ఆ మాట చెప్పాడు కూడా. ఆవిడ షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సు. అతని సంగతి అతనికంటే ఎక్కువ తెలిసిన మనిషి. ఆదివారం చర్చిలో బ్లెస్సన్ అనే కుర్రాడు కీబోర్డులో తాళం మీట నొక్కి వదిలేస్తే, పాట అయిపోయాక కూడా మొగుడు ట్రంపెట్టుతో ఆఖరి వరస మళ్లీ మళ్లీ ఊదుతూ, కీబోర్డుతో గొడవపడటం ఎన్నిసార్లు చూసిందో.

"ఆ ఒక్క పూటా బుద్ధిగా ఉండండి," అంది మరియకుమారి, డ్యూటీ చెప్పులు విప్పుతూ. "మీకేం కాదండి, మీ వీసా మీకుంది. పోయేది ఆ పెద్దాయన బతుకు."

"ఉంటాలేవే. చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్తావేంటి."

శనివారం వచ్చింది. పెద్దావిడ పేరు ఎర్నస్టీన్. పసుపుపచ్చ గౌను, తెల్ల జుట్టు, కుడి మోకాలు సరిగా వంగదు కాబట్టి చేతికర్ర. వస్తూనే వేదిక వైపు చూసి, బోర్డు మీద తొమ్మిది మంది ఉన్నారే, మిగతా ఆరుగురు ఎక్కడ అని అడిగింది. సెలవులో ఉన్నారని మేనేజరు అబద్ధమాడాడు. ఆవిడ నమ్మలేదు గాని పుట్టినరోజు కదా, వదిలేసింది. క్వేసి ప్యాడ్లు సర్దుతుంటే, ప్రేమరాజు ట్రంపెట్టు తుడుస్తుంటే, తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పింది. వాళ్ల ఊళ్లో వీధికో బ్యాండు ఉండేదట. బడిలో పిల్లలకు ట్రంపెట్లు ఇచ్చేవారు, కారు షెడ్లలో వాయించి వాయించి నేర్చుకునేవాళ్లు. తర్వాత బడులు ఇవ్వడం మానేశాయి. క్లబ్బులవాళ్లకు పదిమంది కంటే రికార్డులు తిప్పే ఒక్కడు చవకని తెలిసింది. మా ఆయన కూడా ఊదేవాడు, చివరికి బస్సు నడిపాడు అంది. ఆ మాటకు క్వేసి తలెత్తి ఆవిడను ఒకసారి చూసి, మళ్లీ తీగలు సర్దుకోవడంలో పడ్డాడు.

మొదట్లో అంతా నున్నగా సాగింది. ఫోలా పాడింది, క్వేసి గడియారంలా కొట్టాడు, ప్రేమరాజు ట్రాకులోని ట్రంపెట్టు మీద తన ట్రంపెట్టు అతుకు కనబడకుండా అతికించాడు. స్తంభం పక్కన నిలబడ్డ మేనేజరు మొహం విచ్చుకుంది. ఇంకొన్ని పాటలు గట్టెక్కితే చాలు. నరకమంటే నిప్పుల కొలిమి అని చెబుతారు గాని, చెవిలో ఆ టిక్కు కూడా ఒక రకం నరకమే అనుకుంటూ ప్రేమరాజు పళ్లు బిగించి ఊదాడు.

అప్పుడొచ్చింది ఒక పాత కాలపు పాట, మరీ జోరూ కాదు, మరీ నెమ్మదీ కాదు. అందులో పాట మధ్య ఊదేవాళ్ల ముక్క ఒకటుంది. అది మొదలవగానే ఎర్నస్టీన్ కర్రను కుర్చీకి ఆనించి లేచింది. కూతురు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. బల్లల మధ్య నుంచి మెల్లగా, మోకాలు ఈడ్చుకుంటూ ముందుకు వచ్చేసరికి ముక్క సగం పైన అయిపోయింది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. కళ్లు మూసుకుంది. బాగున్న కాలు మీద బరువంతా వేసి, రెండో కాలు నేల మీంచి లేపి, ఒక చుట్టు తిరగబోయింది. ఎప్పుడో తన ఊళ్లో తిరిగిన చుట్టు అది, చూస్తేనే తెలుస్తోంది. దానికి ఇంకాస్త సంగీతం కావాలి. ట్రాకులో అంత లేదు.

ప్రేమరాజు క్వేసి వైపు చూశాడు. ఇన్నేళ్లూ ఆ చోట చూసుకున్నట్టే చూశాడు. క్వేసి తల వంచుకుని ఉన్నాడు. మాటిచ్చాను అని ప్రేమరాజుకు గుర్తుంది. చెవిలో టిక్కు వినబడుతూనే ఉంది. అయినా అతని ఊపిరి అతని మాట వినలేదు. ముక్క చివరికి వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లిపోయింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ట్రాకు చరణంలోకి వెళ్లింది, ఫోలా దాంతోపాటు పాట ఎత్తుకుంది, క్వేసి చేతులు ట్రాకుతోనే కదిలాయి. ట్రంపెట్టు ఒక్కటే వెనక ఉండిపోయింది. ఒకే పందిట్లో రెండు మైకులు మోగినట్టు హాలంతా రచ్చ అయింది. ఫోలా తడబడి ఆగింది, మళ్లీ అందుకోవడానికి తంటాలు పడింది. ఎర్నస్టీన్ చుట్టు సగంలో నిలబడి కళ్లు తెరిచింది. ఏది పట్టుకుని తిరగాలో ఆవిడకు తెలియలేదు. బ్యాండు సర్దుకుంటుందేమోనని కాసేపు చూసింది. సర్దుకోలేదు. ప్రేమరాజు ట్రంపెట్టు దించేశాడు. ఆవిడ లేపిన కాలు నేల మీద పెట్టి, దగ్గరున్న కుర్చీ పట్టుకుని, నడిచి వెళ్లి తన చోట కూర్చుంది. లాప్‌టాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు పాటను చివరిదాకా వాయించింది, అందులో ట్రంపెట్టు ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది.

ప్రేమరాజుకు ఒళ్లంతా మండిపోయింది. ముందు తన మీద తనకు. మాటిచ్చి తప్పిన వెధవనని. తర్వాత మేనేజరు మీద, ట్రాకు చేసినవాడి మీద, తల ఎత్తని క్వేసి మీద. చివరికి ఆ పెద్దావిడ మీద కూడా, మోకాలు బాగులేనప్పుడు కూర్చుని కేకు తినొచ్చు కదా అని. పార్టీ ముగిసి వెళ్లేటప్పుడు ఆవిడే కర్ర పొడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నాకోసం వెనక్కి వచ్చావు. తక్కినవాళ్లు వెళ్లిపోయారు," అంది.

క్వేసి అడుగు దూరంలో తీగలు చుట్టుకుంటున్నాడు. ఆవిడ ఆ వైపు చూడలేదు.

మేనేజరు ఇద్దరినీ తన గదికి పిలిచాడు. ప్రేమరాజు ముందే మొదలుపెట్టాడు, తప్పు నాది సార్, ఉస్తాద్ ఎక్కడా తప్పలేదు, ఆయన్ని ఏమీ చెయ్యకండి అని. బతిమాలుకునే పనే లేకపోయింది. మేనేజరు కూడా అదే చూశాడు. పక్కవాడు పిచ్చిగా ఊదుతున్నా, గాయని ఆగిపోయినా, హాలంతా తల తిప్పినా ఈ ముసలాయన క్లిక్కు వదల్లేదు, ఇలాంటివాడే నాకు కావాలి అన్నాడు. క్వేసికి కాంట్రాక్టు ఖాయమైంది. తర్వాత ప్రేమరాజు వైపు తిరిగాడు.

"ఏక్ హీ బాత్ బోలా థా. ట్రాక్ కే సాథ్ రహో," అన్నాడు, ట్రాకు వదలొద్దని తాను చెప్పింది ఆ ఒక్కటే కదా అన్నట్టు. "ట్రంపెట్ ఖలాస్. సోమవారం నుంచి విందుల పనిలోకి వచ్చెయ్. వీసా వెయిటరుదే కదా."

అనుకున్నది జరిగినట్టా, జరగనట్టా? క్వేసికి పని ఇప్పిస్తానన్నాడు, ఇప్పించాడు. తాను ఎలా ఇప్పించాడో తలుచుకుంటే మాత్రం మింగుడు పడలేదు. ఇంట్లో మరియకుమారి తిట్టలేదు. పోనీలెండి, పెద్దాయన గట్టెక్కాడు కదా అని అన్నం పెట్టింది. తిడితేనే బాగుండేది. ట్రంపెట్టును పెట్టెలో పెట్టి మంచం కిందకు తోశాడు.

మళ్లీ శనివారం బ్రంచ్‌లో ప్రేమరాజు తెల్లచొక్కా, నల్ల ఏప్రనుతో పళ్లేలు మోస్తున్నాడు. గుమ్మం దగ్గర బోర్డు మీద ఎడమ చివర పొట్టివాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వేదిక మీద ఫోలా, ప్యాడ్ల ముందు క్వేసి. అదే పాట వచ్చింది, అదే ముక్క వచ్చింది, స్పీకర్లోంచి ట్రంపెట్టు శుభ్రంగా మోగింది. ఒక జంట లేచి ఆడబోయింది. ముక్క అయిపోయింది, పాట వెళ్లిపోయింది, వాళ్లు నవ్వుకుని కూర్చున్నారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ప్రేమరాజు చేతిలో పులుసు గిన్నె ఒలికి చొక్కా మీద పడింది.

విరామంలో క్వేసి వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. థాంక్స్ చెబుతాడనుకున్నాడు ప్రేమరాజు. చెబితే ఏమనాలో కూడా కటువుగా ఒకటి సిద్ధం చేసుకున్నాడు. క్వేసి చెప్పలేదు. చెవిలో బుడిపె తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"ఆవిడ కాలు నాకు ముందే కనబడింది రాజూ. నీకంటే ముందే," అన్నాడు.

ప్రేమరాజు చేతిలో పళ్లెం గట్టు మీద పెట్టాడు.

"తెలుసు ఉస్తాద్," అన్నాడు. "ఇన్నేళ్లలో ఆ చోట నువ్వు తలెత్తకపోవడం అదొక్కసారే."

క్వేసి ఇంకేదో అనబోయాడు. లోపల లాప్‌టాప్‌లో తర్వాతి పాట మొదలైపోయింది, డ్రమ్ములు కూడా వాటంతట అవే మొదలయ్యాయి. అతను బుడిపె చెవిలో పెట్టుకుంటూ వేదిక వైపు పరిగెత్తాడు. ప్రేమరాజు పళ్లెం ఎత్తుకుని, నీళ్లు అడిగిన బల్ల ఎక్కడుందో వెతుక్కుంటూ హాల్లోకి వెళ్లాడు.